క్లెప్ పరీక్షలతో కాలేజీ క్రెడిట్లు: ముందు పట్టిక, తర్వాత పుస్తకం

అమెరికాలో బ్యాచిలర్ డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు కావాలి. మేజర్‌కు (ఎంచుకున్న ప్రధాన సబ్జెక్టుకు) సంబంధించినవి అందులో ఒక భాగం. మిగతావి కంప్యూటర్ సైన్స్ పిల్లైనా అకౌంటింగ్ పిల్లాడైనా తప్పకుండా చదవాల్సిన చరిత్ర, ప్రభుత్వం, ఇంగ్లిష్, సైకాలజీ వగైరా. ఒక్కొక్కటి మూడు క్రెడిట్లు, ఒక సెమిస్టర్. ఈ రెండో రకం కోర్సుల్లో చాలావాటిని క్లాసులో కూర్చోకుండా, గంటన్నర పరీక్ష ఒకటి రాసి దాటేయొచ్చు. ఆ పరీక్షల పేరు క్లెప్ (CLEP, కాలేజ్ లెవెల్ ఎగ్జామినేషన్ ప్రోగ్రామ్). కాలేజీ ప్రవేశానికి రాసే సాట్, హైస్కూల్లో కాలేజీ స్థాయి పాఠాలకు పెట్టే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డే 1967 నుంచి వీటినీ నడుపుతోంది. మొత్తం 34 సబ్జెక్టులు. వయసు పరిమితి లేదు, ఏడాది పొడవునా రాయొచ్చు.

ఇది అమెరికాలో అండర్‌గ్రాడ్యుయేట్ డిగ్రీ చదివే, చదవబోయే పిల్లలకూ, మధ్యలో ఆపేసిన డిగ్రీ పూర్తి చేసుకోవాలనుకునే పెద్దలకూ పనికొచ్చే దారి. ఎమ్మెస్‌కు వచ్చినవాళ్లకు దీంతో పనిలేదు. ఎచ్-4 వీసా (ఎచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చేది) మీద ఉన్న పిల్లలకు మాత్రం దీని విలువ ఎక్కువ. వాళ్లకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు, ఫీజు మొత్తం ఇంట్లోంచే కట్టాలి.

పరీక్ష పాసవడం కష్టం కాదు. హైస్కూల్లో ఓ మాదిరిగా చదివే పిల్లలు నెలా నెలన్నర శ్రద్ధ పెడితే చాలావరకు గట్టెక్కుతారు. ఎక్కువమంది దెబ్బతినేది పరీక్షకు ముందూ తర్వాతా. తమ కాలేజీ తీసుకోని సబ్జెక్టు రాయడం, తీసుకున్నా డిగ్రీలో అక్కరకు రాని క్రెడిట్ సంపాదించడం, స్కోరు పంపి ఊరుకోవడం. అందుకే పుస్తకం తెరవకముందే చేయాల్సిన పనులతో మొదలుపెడదాం.

ముందు కాలేజీ పట్టిక చదవండి

క్లెప్ స్కోరు 20 నుంచి 80 వరకు ఉంటుంది. చాలా సబ్జెక్టులకు 50 వస్తే క్రెడిట్ ఇవ్వొచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫార్సు చేస్తుంది. అది సిఫార్సు మాత్రమే. ఇవ్వాలా వద్దా, ఎంత స్కోరుకు ఇవ్వాలి, ఏ కోర్సు కింద ఇవ్వాలి అన్నది ఎవరి కాలేజీ వాళ్ల ఇష్టం. కాలేజీ పేరు పక్కన క్లెప్ అని, పాలసీ అని కలిపి వెతకండి. రిజిస్ట్రార్ ఆఫీసువాళ్లో టెస్టింగ్ సెంటర్‌వాళ్లో పెట్టిన పట్టిక ఒకటి దొరుకుతుంది. అందులో పరీక్ష పేరు, కావాల్సిన స్కోరు, ఇచ్చే కోర్సు, క్రెడిట్ల సంఖ్య అని నాలుగు గడులుంటాయి.

అందరూ స్కోరు గడి చూసి ఆగిపోతారు. అసలు చూడాల్సింది మూడో గడి. అక్కడ కోర్సు నంబరు స్పష్టంగా ఉంటే, అంటే టెక్సస్‌లో హిస్టరీ 1301 అనో సైకాలజీ 2301 అనో ఉంటే, ఆ క్రెడిట్ డిగ్రీ ప్లాన్‌లో ఫలానా గడిలో కూర్చుంటుంది. అక్కడ ‘ఎలెక్టివ్’ (విద్యార్థి ఇష్టంతో ఎంచుకునే కోర్సు) అనో ‘జనరల్ క్రెడిట్’ అనో ఉంటే ఆగి ఆలోచించండి. ఇంజినీరింగ్ లాంటి డిగ్రీల్లో ఎలెక్టివ్‌కు చోటే ఒకటో రెండో ఉంటాయి. అవి నిండాక వచ్చే క్రెడిట్లు ట్రాన్స్‌క్రిప్ట్ మీద అందంగా కనిపిస్తాయి తప్ప డిగ్రీని ఒక్క రోజు కూడా ముందుకు జరపవు.

మనవాళ్ల ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే. లెక్కలు బాగా వచ్చు కదా అని పిల్లలు ముందుగా కాలేజ్ ఆల్జీబ్రా రాసేస్తారు. అరవై, డెబ్బై వచ్చేస్తాయి, ఇంట్లో స్వీట్లు పంచుతారు. తీరా చూస్తే కంప్యూటర్ సైన్స్ డిగ్రీ కాల్‌క్యులస్‌తో మొదలవుతుంది, కాలేజ్ ఆల్జీబ్రా లెక్కలోకే రాదు. బాగా వచ్చిన సబ్జెక్టు వేరు, డిగ్రీకి కావాల్సిన సబ్జెక్టు వేరు.

పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే నిబంధనలు కూడా చదవాలి. మొత్తం ఎన్ని క్రెడిట్లు పరీక్ష ద్వారా తీసుకోవచ్చో అక్కడ ఉంటుంది. ఫ్లోరిడాలో ప్రభుత్వ కాలేజీలన్నిటికీ ఉమ్మడి పట్టిక ఒకటుంది, పరీక్షల ద్వారా 45 క్రెడిట్ల దాకా ఇస్తారు. మరికొన్ని చోట్ల ఆఖరి 30 క్రెడిట్లు తమ క్లాసుల్లోనే చదవాలంటారు, టెక్సస్ విశ్వవిద్యాలయం (యూటీ ఆస్టిన్) అయితే 60 క్రెడిట్లు తమ దగ్గరే చదవాలంటుంది. ఒక కోర్సులో ఇప్పటికే చేరినా, దానికన్నా పై కోర్సు పూర్తి చేసినా కింది దానికి పరీక్ష క్రెడిట్ ఇవ్వని కాలేజీలు చాలా ఉన్నాయి. ల్యాబ్ ఉన్న సైన్స్ కోర్సులో థియరీకి క్రెడిట్ ఇచ్చి ల్యాబ్ విడిగా చేయమనేవాళ్లూ ఉన్నారు.

ఇవన్నీ చదివాక అడ్వైజర్‌కు మెయిల్ పెట్టండి, ఫోన్ వద్దు. ఫోన్లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. మెయిల్లో ‘క్లెప్ తీసుకుంటారా’ అని అడిగితే ‘తీసుకుంటాం’ అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది, దాంతో ఒరిగేదేమీ లేదు. ఫలానా మేజర్‌లో, ఫలానా సంవత్సరం కేటలాగ్ (డిగ్రీ నియమాల పుస్తకం) కింద చేరుతున్నాను, క్లెప్ హిస్టరీ వన్ (అమెరికా చరిత్ర మొదటి భాగం)‌లో 50 వస్తే నా డిగ్రీ ప్లాన్‌లో ఏ అవసరం తీరుతుంది అని అడగండి. ఒక్కో పరీక్షకూ ఇలాగే రాయించుకుని ఆ జవాబు దాచుకోండి.

ఎవరు దూరంగా ఉండాలి

డాక్టర్ చదువు లక్ష్యమైతే జాగ్రత్త. బయాలజీ, కెమిస్ట్రీ, ఇంగ్లిష్ లాంటి ముందస్తు కోర్సులకు పరీక్ష క్రెడిట్‌ను ఒప్పుకోని మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. ఏపీ విషయంలో కొందరు పట్టువిడుపుగా ఉంటారు గానీ క్లెప్ విషయంలో అదీ తక్కువే. ప్రీమెడ్ పిల్లలు చరిత్ర, ప్రభుత్వం లాంటి వాటికే దీన్ని పరిమితం చేసుకోవడం మంచిది.

హార్వర్డ్, ఎమ్‌ఐటీ స్థాయి ప్రైవేటు విశ్వవిద్యాలయాలు క్లెప్‌కు క్రెడిట్ ఇవ్వవు. పిల్లల గురి అటువైపు ఉంటే ఆ సమయం ఏపీ మీద పెట్టాలి. క్లెప్ బలమంతా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లోనూ రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల్లోనూ ఉంది.

స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి. ఎనిమిది సెమిస్టర్లకు పూర్తి స్కాలర్‌షిప్ వచ్చిన పిల్లాడు ఆరు సెమిస్టర్లలో ముగిస్తే మిగిలిన రెండు సెమిస్టర్ల డబ్బు చేతికిచ్చేది ఎవరూ లేరు. పైగా స్కాలర్‌షిప్ నిలవాలంటే ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్ల క్లాసులు ఉండాలన్న షరతు మామూలే. తేలిక కోర్సులన్నీ పరీక్షలతో తీసేస్తే ఆ 12లోకి మేజర్ కోర్సులే నాలుగొచ్చి పడతాయి. మొదటి సెమిస్టర్‌లోనే నాలుగు కఠినమైన కోర్సులంటే జీపీఏ గల్లంతే.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న అండర్‌గ్రాడ్యుయేట్లకూ ఈ 12 క్రెడిట్ల నియమం ఉంది, అది వీసా నియమం. పరీక్ష ద్వారా వచ్చిన క్రెడిట్ ఆ లెక్కలో చేరదు. చదువు ముందే ముగిసేటట్టుంటే ఐ-20 (కాలేజీ ఇచ్చే వీసా పత్రం)లో ముగింపు తేదీ ముందుకు జరుగుతుంది, ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు ఉద్యోగం చేసే అనుమతి) దరఖాస్తు గడువు కూడా దాంతోపాటే జరుగుతుంది. ఆఖరి సెమిస్టర్ మొదలవకముందే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడుకోవాలి.

ఏ సబ్జెక్టులు ఎంచుకోవాలి

టెక్సస్ ఉదాహరణ తీసుకుందాం. ఫ్రిస్కో, ప్లేనో, కేటీ ప్రాంతాల్లో మన కుటుంబాలు ఎక్కువ, పైగా అక్కడి నియమాలు స్పష్టంగా రాసిపెట్టి ఉన్నాయి. ప్రభుత్వ కాలేజీల్లో ఎవరైనా 42 క్రెడిట్ల ‘కోర్’ పూర్తి చేయాలి. అమెరికా చరిత్ర 6, ప్రభుత్వం 6, ఇంగ్లిష్ రాత 6, సైన్స్ 6, లెక్కలు 3, సామాజిక శాస్త్రం 3, సాహిత్యం-తత్వం 3, కళలు 3, ఇంకో 6 ఆ కాలేజీ ఇష్టం. కోర్సు నంబర్లు కూడా కమ్యూనిటీ కాలేజీల్లోనూ చాలా విశ్వవిద్యాలయాల్లోనూ ఒకటే.

ఇందులో క్లెప్‌తో మామూలుగా తీరేవి ఇవి. హిస్టరీ వన్, హిస్టరీ టూ రాస్తే 1301, 1302 కలిపి ఆరు క్రెడిట్లు. అమెరికన్ గవర్నమెంట్‌కు మూడు. ఇంట్రడక్టరీ సైకాలజీ గానీ మ్యాక్రో ఎకనామిక్స్ గానీ రాస్తే సామాజిక శాస్త్రం మూడు. కాలేజ్ కాంపొజిషన్‌కు ఇంగ్లిష్ 1301 ఒక్కటే ఇచ్చే చోట్లున్నాయి, 1302 కూడా కలిపి ఆరు ఇచ్చే చోట్లున్నాయి. ఆరూ ఇచ్చేచోట మొత్తం 18 క్రెడిట్లు, అంటే ఒక సెమిస్టర్ కన్నా ఎక్కువే.

ప్రభుత్వం దగ్గర ఒక మెలిక ఉంది. చట్టం ప్రకారం ఫెడరల్ రాజ్యాంగంతోపాటు టెక్సస్ రాజ్యాంగం కూడా చదవాలి. క్లెప్ అమెరికన్ గవర్నమెంట్ దేశమంతటికీ ఒకే పరీక్ష, టెక్సస్ రాజ్యాంగం దాని సిలబస్‌లో లేదు. అందుకే చాలాచోట్ల దానితో 2305 ఒక్కటే వస్తుంది, 2306 క్లాసులో చదవాల్సిందే. యూటీ ఆస్టిన్‌లో అయితే గవర్నమెంట్ మొదటి కోర్సు క్రెడిట్ కావాలంటే టెక్సస్ ప్రభుత్వం మీద వాళ్లు పెట్టే చిన్న పరీక్ష ఒకటి అదనంగా రాయాలి. ఇలాంటి మెలికలు ప్రతి రాష్ట్రంలోనూ ఏదో ఒకటి ఉంటాయి.

మేజర్‌కు పునాది అయిన కోర్సును బొటాబొటీ స్కోరుతో దాటేయొద్దని మా సలహా. క్లెప్ కాల్‌క్యులస్‌లో 50 తెచ్చుకుని నేరుగా కాల్‌క్యులస్ టూలో కూర్చున్న ఇంజినీరింగ్ విద్యార్థి మొదటి నెలలోనే తేలిపోతాడు. చరిత్రలో 50 వచ్చినవాడికి ఆ బెడద లేదు, దాని పైన కట్టాల్సింది ఏమీ లేదు కాబట్టి.

ఏపీ రాస్తున్న పిల్లలు అదే సబ్జెక్టులో క్లెప్ రాయడం దండగ, ఒకే కోర్సుకు క్రెడిట్ రెండుసార్లు రాదు. అయితే ఏపీ చేజారినప్పుడు క్లెప్ బాగా ఆదుకుంటుంది. ఏపీ ఏడాదికి ఒక్కసారే, మే నెలలో. ఫలితాలు జులై మొదట్లో వస్తాయి. ఏపీ స్కోరు 5కు. యూఎస్ హిస్టరీలో 2 వచ్చినా, 3 వచ్చి కాలేజీ 4 అడిగినా వచ్చే మే దాకా ఆగనక్కర్లేదు. ఏడాదంతా చదివింది బుర్రలో ఉండగానే మూడు నాలుగు వారాలు తిరగేసి, జులై ఆఖర్లో క్లెప్ హిస్టరీ వన్ రాసి, ఆగస్టులో క్లాసులు మొదలయ్యేలోపు స్కోరు పంపేయొచ్చు.

ఖర్చు, ఉచిత వోచర్

పరీక్ష ఫీజు 100 డాలర్లకు కాస్త తక్కువ. 2024-25లో 95 ఉండేది, ఏటా జులైలో ఒకటి రెండు డాలర్లు కదులుతుంటుంది. ఇది కాక పరీక్ష కేంద్రం తన రుసుము విడిగా తీసుకుంటుంది, తరచూ 20 నుంచి 40 డాలర్ల మధ్య. కొన్ని కాలేజీలు తమ విద్యార్థుల దగ్గర తక్కువ, బయటివాళ్ల దగ్గర ఎక్కువ తీసుకుంటాయి. రెండు మూడు కేంద్రాలకు ఫోన్ చేసి కనుక్కోండి.

ఒక్కో పరీక్షకు అన్నీ కలిపి 130 అనుకుంటే, పైన చెప్పిన అయిదు పరీక్షలకు 650 డాలర్లు. క్రెడిట్‌కు 400 డాలర్లు తీసుకునే విశ్వవిద్యాలయంలో ఆ 18 క్రెడిట్లకు 7,200 అవుతుంది. హాస్టల్, భోజనం లెక్కలో వేయకుండానే. కమ్యూనిటీ కాలేజీలో స్థానికుల ఫీజుతో చదివేవాళ్లకు తేడా ఇంత ఉండదు. వాళ్లకు మిగిలేది ముఖ్యంగా కాలం.

ఆ పరీక్ష ఫీజు కూడా కట్టకుండా రాసే మార్గం ఉంది. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ క్లెప్ సబ్జెక్టులకు ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు ఇస్తుంది. ఖాతా తెరిచి, కోర్సు పూర్తి చేసి, అభ్యాస ప్రశ్నల్లో వాళ్లడిగిన శాతం తెచ్చుకున్నట్టు చూపిస్తే పరీక్ష ఫీజు వోచర్ పంపుతారు. వోచర్ కోడ్‌ను కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఫీజు కట్టే పేజీలోనే వేయాలి. ముందు కార్డుతో కట్టేసి తర్వాత వోచర్ తెచ్చుకుంటే వెనక్కి రాదు. పరీక్ష కేంద్రం రుసుమును తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా వాళ్ల దగ్గర ఉంటూ వచ్చింది, దానికి రసీదు దాచాలి. వోచర్‌కు గడువు ఉంటుంది కాబట్టి పరీక్షకు సిద్ధమయ్యాకే అడగండి.

మోడర్న్ స్టేట్స్ పాఠాలు వోచర్ కోసం బాగున్నాయి. పరీక్షకు మాత్రం అవి ఒక్కటే చాలవు. కొన్ని సబ్జెక్టుల్లో పాఠం ఒక దారి, ప్రశ్న ఇంకో దారి.

నమోదు: పేరు దగ్గరే తంటా

సాట్ కోసమో ఏపీ కోసమో కాలేజ్ బోర్డ్ ఖాతా ఇప్పటికే ఉంటే దాంతోనే లోపలికి వెళ్లండి. కొత్తది తెరిస్తే రెండు ఖాతాలై, స్కోర్లు చెరో చోటా పడి, కలపడానికి నెలల తరబడి మెయిళ్లు రాయాల్సి వస్తుంది.

ఖాతాలో పేరు, పరీక్ష రోజు చూపే గుర్తింపు కార్డు మీద పేరు ఒకేలా ఉండాలి. మన పిల్లలకు చిక్కొచ్చేది ఇక్కడే. కొందరి ఇండియా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. అమెరికా కాగితాల్లో అదే ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వేరే రూపంలో కనిపిస్తుంది. బడిలో ఇంకోలా నమోదై ఉంటుంది. పరీక్షకు ఏ కార్డు తీసుకెళ్తారో ముందు తేల్చుకుని, దాని మీద ఉన్నట్టే ఖాతాలో పేరు సరిచేయించుకోండి. డ్రైవింగ్ లైసెన్స్ లేని హైస్కూల్ పిల్లలకు పాస్‌పోర్టే తేలిక. కార్డు మీద ఫొటో, సంతకం రెండూ ఉండాలి. పాస్‌పోర్టులో సంతకం చోటు ఖాళీగా వదిలేసినవాళ్లు చాలామంది ఉంటారు, ఒకసారి తీసి చూడండి.

ఫీజు కట్టగానే ఒక రిజిస్ట్రేషన్ టికెట్ వస్తుంది. దాంతో సీటు దొరికినట్టు కాదు. ఆ టికెట్ నంబరు పట్టుకుని పరీక్ష కేంద్రంలో తేదీ, సమయం విడిగా తీసుకోవాలి. ఇది తెలియక టికెట్ ప్రింట్ తీసుకుని నేరుగా కేంద్రానికి వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు ఉంటారు. టికెట్‌కు ఆరు నెలల గడువు. కాలేజీల్లో సెమిస్టర్ చివరి వారాల్లో, ఆగస్టులో సీట్లు త్వరగా నిండిపోతాయి. మూడు వారాల ముందే తీసుకోవడం మేలు.

ఇంట్లో కూర్చుని కెమెరా పర్యవేక్షణలో రాసే వీలు కూడా ఉంది. తలుపు వేసుకోగల గది, నిలకడైన ఇంటర్నెట్, నిబంధనలకు తగిన కంప్యూటర్ ఉంటేనే దాని జోలికి వెళ్లండి. బడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఎక్కనివ్వరు, క్రోమ్‌బుక్ పనికిరాదు. పక్కగదిలో పూజ గంట మోగినా, అమ్మమ్మ తలుపు తోసుకుని పాలగ్లాసుతో లోపలికి వచ్చినా పర్యవేక్షకుడు పరీక్ష ఆపేయొచ్చు. కొన్ని కాలేజీలు ఇంట్లో రాసిన స్కోరును వేరుగా చూస్తాయి, అదీ అడిగి తెలుసుకోండి.

చదవడం ఎలా

ప్రతి పరీక్షకూ కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఒక వివరణ పేజీ ఉంది. ఏ అంశానికి ఎంత శాతం ప్రశ్నలో అందులో ఉంటుంది. చదువు ప్లాన్ దాన్నిబట్టే వేసుకోవాలి. హిస్టరీ వన్ 1877 దాకా నడుస్తుంది, అందులో 1790 తర్వాతి కాలానికే దాదాపు 70 శాతం. కొలంబస్, కాలనీల దగ్గర రెండు వారాలు గడిపి అంతర్యుద్ధానికి రెండు రోజులు మిగుల్చుకునేవాళ్లు అందుకే తప్పుతారు. హిస్టరీ టూలో 1915 నుంచి ఇప్పటిదాకా 70 శాతం. అంటే పౌరహక్కుల ఉద్యమం, ప్రచ్ఛన్న యుద్ధం, న్యూ డీల్ గట్టిగా రావాలి.

మొదటి రోజే, ఏమీ చదవకుండా, ఒక నమూనా పరీక్ష గడియారం పెట్టి రాయండి. కాలేజ్ బోర్డ్ అధికారిక గైడ్‌లో ఉన్నది మంచిది. తప్పులను అంశాలవారీగా ఒక కాగితం మీద రాసుకుంటే ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తుంది. ఆ ఖాళీలు పూడ్చడమే చదువు, మొత్తం పాఠ్యపుస్తకం మొదటి పేజీ నుంచి చదవడం కాదు. రోజుకు గంటన్నర చొప్పున అయిదు వారాలు చాలామందికి సరిపోతుంది. సోషియాలజీ, మార్కెటింగ్ లాంటివాటికి మూడు వారాలే ఎక్కువ. బయాలజీ, కెమిస్ట్రీ అయితే మూడు నెలలు పెట్టుకోవాల్సిందే, అవి ఏడాది కోర్సుకు సరిపడా ఉంటాయి. పరీక్షకు వారం ముందు రెండో నమూనా రాయండి. 70 శాతం దాటితే వెళ్లండి, 55 దగ్గర ఊగిసలాడుతుంటే తేదీ మార్చుకోండి.

వేగం కూడా సాధన చేయాలి. హిస్టరీలో 90 నిమిషాలకు 120 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి ముప్పావు నిమిషం. తప్పు జవాబుకు మార్కు తగ్గించరు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు. తెలియనిదాన్ని ఏదో ఒకటి పెట్టి, గుర్తుపెట్టుకునే బటన్ నొక్కి ముందుకెళ్లాలి.

లెక్కల పరీక్షలకు సొంత క్యాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు, తెర మీదే ఉంటుంది. కాల్‌క్యులస్‌లో రెండు భాగాలు. మొదటిది 27 ప్రశ్నలు, 50 నిమిషాలు, క్యాలిక్యులేటర్ లేకుండా. రెండోది 17 ప్రశ్నలు, 40 నిమిషాలు, గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌తో. మౌస్‌తో ఆ బటన్లు నొక్కడం చేత్తో నొక్కినంత సులువు కాదు, ఇంట్లో వారం రోజులైనా అలవాటు చేసుకోవాలి.

కాలేజ్ కాంపొజిషన్ మిగతావాటిలా కాదు. 50 ప్రశ్నలకు 55 నిమిషాలు, తర్వాత రెండు వ్యాసాలకు 70 నిమిషాలు. మొదటి వ్యాసం సొంత ఆలోచన మీద. రెండోదానికి వాళ్లే రెండు చిన్న రచనలు ఇస్తారు, రెంటినీ వాడుకుంటూ, ఏ మాట ఎందులోదో చెబుతూ వాదన కట్టాలి. చాలామంది ఆ రెండింటి సారాంశం రాసి వచ్చేస్తారు, మార్కులు పోయేది అక్కడే. ‘మాడ్యులర్’ అని ఇంకో రకం కాంపొజిషన్ పరీక్ష ఉంది. పేర్లు దగ్గరగా ఉంటాయి, కాలేజీ ఏది అడిగిందో చూసి కట్టండి.

పరీక్ష రోజు, ఆ తర్వాత

అరగంట ముందు వెళ్లండి. ఫోన్, వాచీ లోపలికి రావు. చిత్తు కాగితం వాళ్లే ఇస్తారు. మొదలయ్యే ముందు స్కోరు ఏ కాలేజీకి పంపాలో తెర మీద అడుగుతుంది. అక్కడ ఎంచుకుంటే ఆ ఒక్క కాలేజీకి ఉచితం, తర్వాత పంపాలంటే ప్రతిసారీ 20 డాలర్లు. ఏ కాలేజీలో చేరేదీ తేలనివాళ్లు అక్కడ తొందరపడనక్కర్లేదు.

కాంపొజిషన్, స్పానిష్ విత్ రైటింగ్ తప్ప మిగతావాటి స్కోరు ముగించగానే తెర మీద కనిపిస్తుంది. వ్యాసాలున్నవాటికి కొన్ని వారాలు ఆగాలి. తప్పితే అదే పరీక్ష మూడు నెలల దాకా మళ్లీ రాయకూడదు, ముందే రాస్తే స్కోరు రద్దు, ఫీజు పోతుంది. హైస్కూల్ ఆఖరి సంవత్సరం వేసవిలో రాసేవాళ్లకు ఈ మూడు నెలలు ప్రాణసంకటం, అందుకే మొదటి ప్రయత్నం వసంతంలోనే పెట్టుకోవాలి.

పాసయ్యాక పని అయిపోయిందనుకోకండి, ఇల్లు అలకగానే పండగ కాదు. కొన్ని కాలేజీల్లో స్కోరు చేరగానే క్రెడిట్ దానంతటదే పడుతుంది. కొన్నిచోట్ల విద్యార్థి తన పోర్టల్లోకి వెళ్లి ‘క్లెయిమ్’ చేయాలి. రెండు మూడు వారాలకు ట్రాన్స్‌క్రిప్ట్ ఒక్కటే కాదు, డిగ్రీ ఆడిట్ (ఏ అవసరం తీరిందో చూపే పేజీ) కూడా తెరిచి చూడండి. క్రెడిట్ సరైన గడిలో కూర్చుందా, ఎలెక్టివ్‌ల మూటలో పడిందా తేలేది అక్కడే. తప్పుగా పడితే మొదట్లో అడ్వైజర్ ఇచ్చిన మెయిల్ జవాబు జతచేసి రిజిస్ట్రార్‌కు రాయండి. గ్రేడ్ ఉండదు, ‘క్రెడిట్’ అని మాత్రమే పడుతుంది కాబట్టి జీపీఏ పెరగదు, తగ్గదు.

తెలుగుకూ క్రెడిట్

క్లెప్‌లో భాషలు మూడే: స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్. తెలుగు లేదు. అయితే విదేశీ భాష తప్పనిసరి అయిన డిగ్రీల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఊరికే స్పానిష్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు. యాక్ట్‌ఫుల్ (విదేశీ భాషల బోధన సంఘం) వాళ్ల ఓపీఐ అనే మౌఖిక పరీక్ష తెలుగులో ఉంది. శిక్షణ పొందిన పరీక్షకుడితో పదిహేను నిమిషాల నుంచి అరగంట సంభాషణ. తినడం, బడి, కుటుంబం దగ్గర మొదలై, పిల్లలు ఎక్కడ ఆగిపోతారో చూడ్డానికి ప్రశ్నలు క్రమంగా బరువెక్కుతాయి. జరిగినదాన్ని వరసగా చెప్పడం, ఒక అభిప్రాయాన్ని సమర్థించడం అడుగుతారు. ‘అమ్మా ఆకలేస్తోంది’ స్థాయి తెలుగుతో పై మెట్లు ఎక్కలేరు. అమెరికాలో తెలుగు నేర్పే మనబడి, పాఠశాల తరగతుల్లో చదవడం రాయడం నేర్చుకున్న పిల్లలు అక్కడ తేడా చూపిస్తారు. ఫలితాన్ని ఒప్పుకునేదీ లేనిదీ కాలేజీ భాషల విభాగం చెప్పాలి. కొన్ని చోట్ల క్రెడిట్లు ఇవ్వరు గానీ భాష అవసరం తీరినట్టు రాస్తారు, అదీ రెండు మూడు కోర్సుల లాభమే.

పెద్దవాళ్ల డిగ్రీ

మధ్యలో ఆగిన డిగ్రీని ఉద్యోగం, పిల్లల మధ్య పూర్తి చేయాలనుకునేవాళ్లు న్యూజెర్సీ ట్రెంటన్‌లోని థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ, న్యూయార్క్ ఆల్బనీలోని ఎక్సెల్సియర్, కనెటికట్‌లోని చార్టర్ ఓక్ పట్టికలు చూడండి. పెద్దల కోసమే పుట్టిన కాలేజీలివి, పరీక్ష క్రెడిట్లను మిగతావాళ్లకన్నా ఉదారంగా తీసుకుంటాయి. క్లెప్‌లో లేని కొన్ని సబ్జెక్టులకు డీఎస్ఎస్‌టీ అనే పరీక్షలున్నాయి. వాటిలో పాసు మార్కు 400, తప్పితే నెల రోజులకే మళ్లీ రాయొచ్చు. సీపీఏ (అకౌంటెంట్ లైసెన్స్) కోసం క్రెడిట్లు కూడబెడుతున్న బీకామ్ వాళ్లు మాత్రం ముందు తమ రాష్ట్ర బోర్డుకే రాసి అడగాలి. పైస్థాయి అకౌంటింగ్ కోర్సుల స్థానంలో క్లెప్ ఫైనాన్షియల్ అకౌంటింగ్ నిలబడదు.

కాలేజీ మారేవాళ్లకు ఇంకొక్క మాట. మొదటి కాలేజీ క్లెప్‌కు ఇచ్చిన క్రెడిట్‌ను రెండో కాలేజీ ఉన్నదున్నట్టు తీసుకోవాలని లేదు. చాలాచోట్ల అసలు స్కోరు మళ్లీ తెప్పించుకుని తమ పట్టిక ప్రకారం లెక్కేస్తారు. మొదటివాళ్లు 50కి ఇచ్చింది వీళ్లు 55 అడగొచ్చు. టెక్సస్‌లో మాత్రం 42 క్రెడిట్ల కోర్ మొత్తం పూర్తయినట్టు మొదటి కాలేజీ ముద్ర వేస్తే రెండో ప్రభుత్వ కాలేజీ దాన్ని గుత్తగా ఒప్పుకోవాలి. కమ్యూనిటీ కాలేజీ నుంచి మారేవాళ్లు ఆ ముద్ర పడ్డాకే కదలడం లాభం. స్కోర్లు కాలేజ్ బోర్డ్ దగ్గర 20 ఏళ్లు ఉంటాయి, అడిగినప్పుడు పంపుతారు.